ముందు తినేది మట్టే: కూరగాయ మడిలో సూక్ష్మజీవులు చెడకుండా ఎరువు వేయడం

విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర మాకున్న అరెకరం ఎర్ర నేలలో ఒక ఏడాది వంగ నాటాం. నత్రజని ఇచ్చే యూరియాకి లోటు చేయలేదు, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీకి లోటు చేయలేదు. అయినా మొక్క ఎదగలేదు. మొదలు దగ్గర తవ్వి చూస్తే మట్టి సుద్దపొడిలా రాలిపోతోంది, వాసన అన్నదే లేదు. పక్క మడి చిన్నాన్న ఓ పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని "మట్టి సచ్చిపోనాదిరా" అన్నాడు. ఆయన గత్తం (పశువుల ఎరువు) కుప్ప వేసే చోట, గట్టు పక్కన తవ్వితే మాత్రం తొలకరి వాన వాసన గుప్పుమంది. ఆ వాసన ఆక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవులది. అవి వదిలే జియోస్మిన్ అనే పదార్థాన్నే మనం మట్టివాసన అంటాం.

చిన్నాన్న మాట సగమే నిజమని తర్వాత తెలిసింది. మట్టి చావలేదు, పస్తు పడుకుంది. మనం యూరియా వేసి మొక్కకు పెట్టామనుకుంటాం. కానీ పంక్తిలో ముందు కూర్చునేది సూక్ష్మజీవులు, మొక్కది రెండో బంతి. ఆ లెక్క పట్టుకుని ఎరువు వేసే పద్ధతి మార్చుకుంటూ వచ్చాం. దాన్నే వరుసగా చెబుతాను.

మొదట, వేరు చుట్టూ ఏం జరుగుతుందో

వేరుకు ఆనుకుని ఉండే కొద్దిపాటి మట్టిలో మిగతా మడిలో కంటే సూక్ష్మజీవులు చాలా ఎక్కువ. ఎందుకంటే మొక్క తాను వండుకున్న చక్కెరలో కొంత వేళ్ల ద్వారా బయటికి వదులుతుంది. లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లో ఈ మట్టికి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. గ్రాము మట్టిలో బాక్టీరియా కోట్లలో ఉంటాయి. వాటికి మొక్క చక్కెర పెడుతుంది, బదులుగా అవి నత్రజని, భాస్వరం విడదీసి ఇస్తాయి.

ఇప్పుడు అక్కడ యూరియా పడిందనుకోండి. యూరియాను మొక్క నేరుగా తీసుకునేది చాలా తక్కువ. యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొన్ని రోజుల్లోనే అమ్మోనియంగా మారుస్తుంది, ఆ ఎంజైము ఎక్కువగా సూక్ష్మజీవులు చేసిందే. ఆ కాసేపు గుళిక చుట్టూ క్షారం పెరిగి పీహెచ్ (7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం అని చెప్పే కొలత) 8 దాటుతుంది, కొంత అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. మధ్యాహ్నం ఎండలో, పైపైన యూరియా చల్లిన మడిలో ముక్కుకు ఘాటు తగిలిందంటే మీ డబ్బు ఆవిరవుతోందని లెక్క. తర్వాత నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ లాంటి బాక్టీరియా ఆ అమ్మోనియాన్ని రెండు మూడు వారాల్లో నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పనిలో ఆమ్లం పుడుతుంది. అందుకే యూరియా పడిన వెంటనే నేల క్షారం వైపు వెళ్లినా, ఏళ్ల తరబడి వేస్తే పులుపు ఎక్కుతుంది.

మరి రసాయన ఎరువు సూక్ష్మజీవులకు విషమా? అలా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను ఒప్పుకోను. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రపంచంలోని 64 దీర్ఘకాలిక ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. ఎరువు వేసిన పొలాల్లో, వేయని వాటితో పోలిస్తే, సూక్ష్మజీవుల మొత్తం బరువు సగటున 15 శాతం ఎక్కువే తేలింది. పంట ఏపుగా పెరిగితే వేళ్లూ ఆకులూ మట్టికి ఎక్కువగా చేరతాయి, వాటికి అదే తిండి. అయితే పీహెచ్ 5 కంటే దిగిపోయిన నేలల్లో మాత్రం తగ్గే ధోరణి కనబడింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న గడ్డి ప్రయోగంలో ఇది కళ్లకు కడుతుంది. ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేసి సున్నం వేయని మడులు పులిసిపోయాయి, వానపాములు పోయాయి, ఎండుగడ్డి కుళ్లకుండా చాపలా పేరుకుపోయింది.

కాబట్టి మనం చూసుకోవాల్సింది మూడు: పులుపు, ఎరువు ఒకేచోట పడి పెరిగే ఉప్పు, కర్బనం కరువు.

మడిని పరీక్షించండి

తవ్వి వాసన చూడడం మొదటి పరీక్ష, ఖర్చు లేదు. రెండోది గుడ్డ పరీక్ష. పూర్తిగా నూలుతో నేసిన తెల్ల పంచె ముక్కలు రెండు, ఒకే కొలత కత్తిరించండి. పాలిస్టర్ కలిసిన గుడ్డ పనికిరాదు. ఒకటి మడిలో, ఇంకోటి గట్టు పక్కన ఎరువు పడని చోట, జానెడు లోతులో పాతి పుల్ల గుచ్చండి. నేల పదునుగా ఉండాలి. 60 రోజులకు తీయండి. నూలు అంటే సెల్యులోజ్, బాక్టీరియాకూ బూజుకూ అది తిండి. చిల్లులు పడి పోగులు మాత్రమే మిగిలితే నేల బాగున్నట్టు. ఉతికి కట్టుకునేట్టు వచ్చిందా, పని చాలా ఉంది. మా మడి గుడ్డ మొదటిసారి కాస్త మరకలతో వచ్చింది, అంతే.

మూడోది అసలైన మట్టి పరీక్ష. ఎరువు వేసి నెల కూడా కాని మడిలో, చెట్ల కింద, గత్తం కుప్ప దగ్గర, గట్టు మీద మట్టి తీయకండి. ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు వెంబడి పైనుంచి కింది దాకా పలుచగా గీకండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతాది పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఎండలో ఆరబెట్టొద్దు.

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు వస్తాయి. అందరూ నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి కార్డు అటక మీద పెడతారు. ఈ పనికి ముందు చూడాల్సినవి వేరు. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే బాక్టీరియాకు సుఖం. ఈసీ అనేది ఉప్పు కొలత, అది 1 లోపు ఉండాలి. భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా బోరు నీళ్లు పెట్టేవాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు. చివరగా భాస్వరం 'ఎక్కువ' అని ఉందా చూడండి. ఏటా డీఏపీ వేసే కూరగాయ మడుల్లో అలా రావడం ఆశ్చర్యం కాదు. దాని కథ కిందుంది.

పులుపు ఉంటే ముందు సున్నం

పీహెచ్ 6 కంటే తక్కువ వస్తే వేరే ఏ ఎరువు కొనకముందు సున్నపు పొడి గానీ డోలమైట్ గానీ వేయాలి. ఎంత అనేది నేలను బట్టి మారుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలకు తక్కువ చాలు, బంకమట్టికి ఎక్కువ కావాలి. మట్టి పరీక్ష వాళ్లనే మోతాదు అడగండి. నాటడానికి మూడు నాలుగు వారాల ముందు చల్లి దున్నేయాలి. యూరియాతో, డీఏపీతో కలిపి ఒకే రోజు చల్లకండి. నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, భాస్వరం సున్నంతో గట్టిపడుతుంది. పీహెచ్ 6.5 పైన ఉంటే ఈ మెట్టు దాటేయండి, 'మంచిదే కదా' అని వేయకండి.

గత్తం: అసలు పని ఇక్కడే

మన ఎర్ర నేలల జబ్బు కర్బనం కరువు. నత్రజని ఎంత పోసినా, దాన్ని తినే జీవికి కర్బనం లేకపోతే కూర ఉండి అన్నం లేనట్టే. బాక్టీరియా ఒంట్లో ఒక పాలు నత్రజనికి 8 పాళ్ల వరకు కర్బనం ఉంటుంది. ఊపిరి తీయడానికి కాల్చుకునేది కూడా కలిపితే, దాని తిండిలో సుమారు 24 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. బాగా మాగిన గత్తం ఈ లెక్కకు లోపే ఉంటుంది కాబట్టి మొక్కకు నత్రజని మిగులుతుంది. వరిగడ్డి 60 దాటేస్తుంది. పచ్చిగా గడ్డి తొక్కేస్తే సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోవడానికి మట్టిలో ఉన్న నత్రజనినంతా లాక్కుంటాయి. మొక్క పసుపెక్కుతుంది, మనం కంగారుపడి ఇంకో బస్తా వేస్తాం. గడ్డిని మట్టిలో కలపకుండా మొక్కల మధ్య పరిస్తే మాత్రం ఈ గొడవ లేదు. తేమ నిలుస్తుంది, కింద నుంచి మెల్లగా కుళ్లుతుంది.

వంగకు ఎకరానికి 6 నుంచి 8 టన్నుల మాగిన గత్తం చివరి దుక్కిలో వేయమంటారు. అంత దొరకడం కష్టమని నాకూ తెలుసు. ఇప్పుడు ఆనందపురం, పద్మనాభం వైపు ఎన్ని ఇళ్లలో పశువులున్నాయి? రెండు టన్నులే ఉంటే మడంతా వెదజల్లకండి, బోదెల్లో మొక్క వచ్చే చోటే వేయండి. మిగతా లోటుకు పంటకు ముందు జనుము చల్లి, పూతకు వచ్చే వేళకు కలియదున్నండి. దున్నాక రెండు మూడు వారాలు ఆగి నాటాలి.

మాగిన గత్తం ఎలా ఉంటుంది? నల్లగా, చల్లగా, చేతికి అంటకుండా ఉంటుంది. చెయ్యి పెడితే వేడి తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా కాలేదు. పచ్చి పేడ చెదల్నీ వేరుపురుగునీ పిలుచుకొస్తుంది. కోళ్ల ఎరువు మరీ జాగ్రత్త. పచ్చిగా వేస్తే అమ్మోనియాతో లేత వేళ్లు మాడిపోతాయి.

భాస్వరం విషయంలో చెయ్యి కట్టుకోండి

నా అనుభవంలో డబ్బు ఎక్కువ పోయేది, నష్టం తెలియకుండా జరిగేది ఇక్కడే. వంగ, టమాటా, మిరప, బెండ, బీర వేళ్లలో మైకోరైజా అనే బూజు కాపురం ఉంటుంది. అంగళ్లలో వామ్ అని అమ్మేది ఇదే. దాని పోగులు వేరు చేరలేని చోటికి చేరి భాస్వరం, జింకు తెచ్చిపెడతాయి, మొక్క దానికి చక్కెర ఇస్తుంది. మట్టిలో భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్కకు ఈ బేరం అక్కర్లేదు, చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది. బూజు వేరులోకి రావడం తగ్గిపోతుంది. చివరికి మనం డీఏపీ బస్తా డబ్బు, వామ్ డబ్బు రెండూ ఇచ్చి, ఒకదానితో ఇంకోదాన్ని చంపుకుంటాం. ఒక దుకాణంలో నాకు రెండూ కలిపి ఒకే రోజు వేయమన్నారు. నేనూ వేశాను.

కార్డులో భాస్వరం ఎక్కువ అని ఉంటే ఆ పంటకు డీఏపీ మానేయండి, లేదా బాగా తగ్గించండి. మధ్యస్థంగా ఉంటే సూపర్ వాడండి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతమే అయినా, కాల్షియం, గంధకం కూడా వస్తాయి. భాస్వరం ఏదైనా మొత్తం దుక్కిలోనే, పైపాటుగా వద్దు. వామ్ వేసేది నారుమడిలో, విత్తనం కింద పలుచగా. మొక్క పెద్దయ్యాక మొదట్లో పోయడం దండగ. ఇంకో సంగతి: క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, పాలకూర, తోటకూర వేళ్లకు మైకోరైజా పట్టదు. వాటికి వామ్ కొనకండి, ఎవరేం చెప్పినా.

నత్రజని: మూడు వేళ్ల లెక్క

వంగనే ఉదాహరణగా తీసుకుందాం. మన దగ్గర ఎకరానికి సాధారణంగా చెప్పేది నత్రజని 40 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 24. భాస్వరం, పొటాష్ చివరి దుక్కిలో వేసి, నత్రజనిని మూడు భాగాలు చేసి నాటిన 30, 60, 75 రోజులకు వేస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి మొత్తం 87 కిలోలు, విడతకు 29 కిలోలు. భాస్వరానికి 150 కిలోల సూపర్, పొటాష్‌కు 40 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. డీఏపీ వాడితే 52 కిలోలు సరిపోతుంది, దానిలోనే 9 కిలోల పైచిలుకు నత్రజని వస్తుంది కాబట్టి యూరియా 66 కిలోలకు దించాలి. ఆ తగ్గింపు మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు మొక్క లెక్కకు రండి. 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 11 వేల పైన మొక్కలు. 29 కిలోలు పంచితే మొక్కకు 2.6 గ్రాములు. మూడు వేళ్లతో తీసినంత! మేం ఇన్నాళ్లు మొదట్లో పిడికెడు కొట్టుకుంటూ పోయాం. అంత యూరియా ఒకేచోట పడితే చుట్టూ ఉప్పు పెరుగుతుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అమ్మోనియాను నైట్రేట్ చేసే బాక్టీరియాకే అది ఊపిరాడనివ్వదు. ఆ గుండ్రంలో లేత వేళ్లు, వాటిని అంటుకున్న బతుకులు అన్నీ మాడతాయి. నా సలహా: 260 గ్రాములు తూచి పళ్లెంలో పోసుకోండి, 100 మొక్కలకు సరిపెట్టండి. రెండు వరుసలయ్యేసరికి వేళ్లకే అలవాటైపోతుంది.

మొదలుకు బెత్తెడు దూరంలో చుట్టూ చిన్న గాడి తీసి, వేసి, మట్టి కప్పి, తడి పెట్టండి. గొప్పు తవ్వే రోజునే ఈ పని పెట్టుకుంటే కూలి కలిసొస్తుంది. డ్రిప్ ఉంటే విడతల్ని మూడు కాదు, వారానికొకటిగా పలుచన చేయొచ్చు. సూక్ష్మజీవుల వైపు నుంచి చూస్తే ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

పొటాష్‌కు మ్యూరేట్ చవక, కానీ అందులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు గుణం ఎక్కువ. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నవాళ్లు సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌కు మారడం మంచిది.

ఇక వాన. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాను నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం అల్పపీడనం అని చెప్పిందంటే యూరియా బస్తా విప్పకండి. ఎర్ర ఇసుక నేలలో నైట్రేట్ నీళ్లతో పాటే కిందికి దిగిపోతుంది. నీరు నిలిచిన చోట ఇంకో తమాషా జరుగుతుంది. ఆక్సిజన్ అందని బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌తో ఊపిరి తీసుకుని, నత్రజనిని వాయువుగా గాల్లోకి వదిలేస్తాయి. వాన వెలిశాక ముందు నీరు తీసేయండి, మట్టి ఆరి గాలి ఆడాక, అదీ సగం మోతాదులో వేయండి.

జీవన ఎరువులు వేసే వేళ

నత్రజని పట్టే బాక్టీరియా అజోస్పైరిల్లం, భాస్వరం కరిగించే బాక్టీరియా (పీఎస్‌బీ) పొడి రూపంలో అయితే ఎకరానికి చెరి రెండు కిలోలు, 200 కిలోల మాగిన గత్తంలో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో వారం ఉంచి, సాయంత్రం పూట బోదెల్లో వేయండి. తెగులు బూజును అణిచే మంచి బూజు ట్రైకోడెర్మా విరిడీ అయితే, రెండు కిలోలకు 10 కిలోల వేపపిండి, 90 కిలోల గత్తం. గోనెపట్టా తడిపి కప్పండి. వారం పది రోజుల్లో పైన ఆకుపచ్చ బూజు కట్టిందా, అది సిద్ధమైనట్టు. కట్టకపోతే ప్యాకెట్టు పాతదైనా అయ్యుండాలి, ఎండలో పెట్టి అమ్మిందైనా అయ్యుండాలి. తయారీ తేదీ చూడకుండా కొనకండి.

వీటికీ రసాయన ఎరువుకీ మధ్య కనీసం వారం పది రోజులు ఎడం ఉండాలి. కార్బెండజిమ్ లాంటి తెగులు మందు మొదట్లో పోసి, దాని వెనకే ట్రైకోడెర్మా పోయడం కూడా దండగే. తెగులు బూజును చంపేది మంచి బూజును విడిచిపెట్టదు.

జీవామృతం చాలామంది చేస్తున్నారు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు, రోజుకు రెండు మూడుసార్లు కలియతిప్పి, వారం లోపు వాడేయాలి. దీనిలో ఉండే నత్రజని బహు తక్కువ, యూరియాకు బదులు అనుకుంటే మోసపోతాం. పెరుగు తోడు లాంటిదనుకోండి, పాలు మాత్రం గత్తమే. అనకాపల్లి బెల్లం మన పక్కనే ఉంది కదా అని మెరిసే పసుపు అచ్చులు కొనక్కర్లేదు. తెల్లబరచడానికి హైడ్రోస్ కలపని నల్లబెల్లమే దీనికి మేలు, ధర కూడా తక్కువ.

చిక్కుడు జాతికి వేరే లెక్క

బొబ్బర్లు, గోరుచిక్కుడు, చిక్కుడు వేళ్ల బుడిపెల్లో రైజోబియం ఉంటుంది. గాలిలోని నత్రజనిని అదే పట్టిస్తుంది. అయితే మట్టిలో నైట్రేట్ నిండుగా ఉంటే మొక్క బుడిపెలు కట్టనివ్వదు. ఉచితంగా వచ్చేదాన్ని కాదని కొనుక్కోవడం మన చేతి పని. మొదట్లో కొద్దిపాటి నత్రజని చాలు. 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం చల్లారిన బెల్లం పాకంతో పట్టించి నీడలో ఆరబెట్టి విత్తండి. నెల రోజులకు ఒక మొక్క పీకి బుడిపె గోటితో చిదమండి. లోపల గులాబి రంగు ఉంటే పని జరుగుతోంది. తెల్లగా, బూడిద రంగులో ఉంటే లేదు.

మొక్క ఎండిపోతుంటే

టమాటా, వంగ పచ్చగానే వాలిపోతుంటే కాండం ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. పాలదారంలా తెల్లగా దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఎరువుతో నయం కాదు, మొక్క పీకి దూరంగా కాల్చేయాలి, ఆ మడిలో వంగ, టమాటా, మిరప మానేసి వేరే పంటకు మార్చాలి. దారం దిగకుండా, కింది ఆకులు పసుపెక్కి కాండం లోపల గోధుమ రంగు చార ఉంటే ఫ్యుజేరియం ఎండు తెగులు అయ్యుండొచ్చు. దీనికి పులుపు నేల, అమ్మోనియం నత్రజని అంటే ఇష్టం. అక్కడ అమ్మోనియం సల్ఫేట్ ఆపి, సున్నంతో పీహెచ్ సరిచేస్తే తీవ్రత తగ్గుతుంది.

మేడ మీద కుండీలున్నవాళ్లకు

విశాఖ ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మేడ మీద పెంచేవాళ్లు ఎకరాల లెక్కలు వదిలేయండి. కుండీలో ఉప్పు ఎటూ పోదు. అంచుల్లో తెల్లటి పొర కట్టిందంటే ఎరువు ఎక్కువైందని అర్థం. అడుగు కన్నం నుంచి ధారాళంగా కారేదాకా మంచినీళ్లు రెండు మూడుసార్లు పోసి కడగండి. పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. ఆకులు మరీ పాలిపోతే లీటరు నీళ్లకు 2 గ్రాముల యూరియా, అది కూడా తడిమట్టి మీదే.

మా మడిలో ఇప్పటికి మూడోసారి గుడ్డ పాతాం. రెండోసారి తీసినప్పుడు అంచులు తినేసి, మధ్యలో పావలా బిళ్లంత చిల్లులు నాలుగున్నాయి. చిన్నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకలి పుట్టినాది" అన్నాడు.